గొడవేంటో చెప్పందే ఆడని మనిషి

పోయిన వారం గుడివాడలో మా షాపుకి ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చాడు. కొత్తగా బదిలీ అయ్యాడట, ఊళ్ళో ఎవరూ తెలియదట, సాయంత్రాలు పొద్దుపోవడం లేదట. తన టేస్టుకి సరిపోయే యాక్షన్ గేమ్ ఏదైనా కొత్తది చూపించమన్నాడు. ఇలా అడిగేవాళ్ళని నేను రెండు మూడు ప్రశ్నలు వేసి పంపించేస్తాను. తుపాకులు ఇష్టమా, కత్తులు ఇష్టమా, ఒక్కరే ఆడతారా, పక్కన ఎవరైనా ఉంటారా. ఆ రోజు ఇవన్నీ అయ్యాక నా నోట్లోంచి ఇంకోటి ఊడిపడింది. "గొడవేంటో ముందు తెలియాలాండీ మీకు, తెలియకపోయినా కొట్టేస్తారా?" అని అడిగాను. అతను నన్ను ఎగాదిగా చూసి, ఏదో కార్ల గేమ్ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ ప్రశ్న నా సొంతం కాదు. బందరులో నేను మొదటిసారి షాపు పెట్టిన రోజుల్లో ఒక పెద్దాయన నాకు అంటించి వెళ్ళిన జబ్బు. ఆయన పోయారని ఆ సాయంత్రమే ఫోన్ వచ్చింది. షటర్ సగానికి దించుకుని లోపల కాసేపు కూర్చున్నాను. బాధగానే ఉంది. కానీ ఆ బాధ పూర్తిగా రాకముందే ఆయన మీద నాకున్న పాత విసుగంతా తన్నుకుంటూ వచ్చేసింది. బతికుండగా ఆయన నన్ను పెట్టిన తిప్పలు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయన గురించి మెత్తమెత్తగా చెప్పడం నా వల్ల కాదు.

రెండు వేల రెండో మూడో సంవత్సరం. బందరులో ఒక పాత ఇంటి ముందు గదిలో నాలుగు టీవీలు, నాలుగు వీడియో గేమ్ మిషన్లు పెట్టుకుని గంటల లెక్కన ఆడిస్తూ, సీడీలు అమ్ముకుంటూ ఉండేవాణ్ణి. వచ్చేదంతా కాలేజీ కుర్రాళ్ళే. అదే ఇంటి వెనక వాటాలోకి ఆయనా, వాళ్ళావిడా అద్దెకి దిగారు. దివిసీమలో నాగాయలంక దగ్గర పల్లెటూరు వాళ్ళది. ఆయనకి పక్షవాతం వచ్చి, వైద్యానికి దగ్గరగా ఉంటుందని బందరు వచ్చారు. నడక తిరిగొచ్చింది. మాట కూడా తిరిగొచ్చింది. అది ఇంకాస్త తక్కువ తిరిగొచ్చినా బాగుండేదని నేను చాలాసార్లు అనుకున్నాను. కుడిచెయ్యి మాత్రం రాలేదు.

ఆ చెయ్యి నాకు చాలా కాలం కనిపించలేదు. దాని మీద ఎప్పుడూ కండువా ఉండేది. తెల్లటి కండువా, ఇస్త్రీ చేసింది, కుడి భుజం మీంచి మోచేతి కిందిదాకా వేలాడుతూ. ఎండలో కూడా అది తీసేవారు కాదు. ఎవరైనా నమస్కారం పెడితే తల ఊపి ఊరుకునేవారు. నేను మొదట్లో పొగరనుకున్నాను.

నాకు ఆయన ఏమీ కారు. అయినా పరిచయమైన అరగంటలో మావయ్య గారైపోయారు, ఆవిడ అత్తయ్య గారైపోయింది. రోజూ పొద్దున టిఫిన్ అయ్యాక షాపులోకి వచ్చేవారు. కుర్చీ టీవీకి ఎదురుగా వేస్తే దాన్ని పక్కకి తిప్పి, గుమ్మం వైపు సగం, టీవీ వైపు సగం ఉండేలా కూర్చునేవారు. టీ తెప్పిస్తే సగమే తాగి, మిగతా సగం నన్ను తాగమనేవారు. నేను అప్పటికే తాగానంటే వినేవారు కాదు. లోపలికి వచ్చిన ప్రతివాడినీ ఎవరబ్బాయివి అని అడిగేవారు. ఆ సమాధానం అయ్యేసరికి వాడి గంటలో పావు వంతు అయిపోయేది. వాడు ఆ పావు గంట నా దగ్గర వసూలు చేసుకునేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తున్న టైం చూసి అత్తయ్య గారు షాపు మెట్ల మీద కూర్చుని సంగతంతా చెప్పింది. వాళ్ళ ఊళ్ళో తగువులన్నీ తీర్చేది ఈయనేనట. తీర్పు చెప్పేస్తే అయిపోయినట్టు కాదట అక్కడ. రెండు పక్షాల వాళ్ళూ ఒకే బంతిలో కూర్చుంటే, మధ్యలో ఈయన కూర్చోవాలి. ఒకరింటి నుంచి అన్నం, ఇంకొకరింటి నుంచి కూర రావాలి. ఈయన తన చేత్తో ఆ రెండూ కలిపి మొదటి ముద్ద తింటేనే మిగతా వాళ్ళు ఆకులో చెయ్యి పెడతారు. ఈయన లేచేదాకా ఎవరూ లేవకూడదు. దాన్ని రాజీ భోజనం అంటారు. అది జరిగితే ఇంక ఆ తగువు మళ్ళీ ఎత్తడానికి లేదు.

చెయ్యి పడిపోయినప్పటి నుంచి ఆయన ఎవరి ముందూ తినడం లేదు. ఇంట్లో తలుపు వేసి ఆవిడ స్పూనుతో పెడుతుంది. ఎడమచేత్తో తినమంటే, పదిమందిలో ఎడమచెయ్యి ఆకులో పెట్టి ఏ మొహంతో న్యాయం చెబుతానని అడుగుతారట. పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశారు. ఇంతలో ఊళ్ళో ఒక రాజీ భోజనం బాకీ ఉండిపోయింది. ఒకాయన రొయ్యల చెరువు తవ్వాడు, ఉప్పునీళ్ళు ఊటెక్కి పక్కాయన వరి చేను చచ్చిపోయింది. ఇద్దరూ ఈయన తీర్పుకి ఒప్పుకున్నారు. భోజనం పెట్టుకునేలోపు ఈయన మంచాన పడ్డారు. ఇంకెవరినైనా కూర్చోబెట్టుకోమంటే ఇద్దరిలో ఒక్కరూ ఒప్పుకోలేదు. వచ్చే నాట్లలోపు అది కాకపోతే ఆ ఇద్దరూ కొట్టుకు చస్తారని ఆవిడ భయం.

"ఆ బంతిలో కూర్చోలేకపోతే ఇంక ఊళ్ళో అడుగే పెట్టనంటున్నారు బాబూ. అన్నంత పనీ చేస్తారు" అంది.

ఎక్సర్‌సైజులు చేయించే కుర్ర డాక్టరు చేతిలో పెట్టుకుని నొక్కే స్ప్రింగు ఒకటి ఇచ్చాడు. ఈయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నొక్కితే ఏమవుతుందని అడిగారట. ఏమీ కాదు, వేళ్ళు గట్టిపడతాయి అన్నాడట. ఏమీ కాని పని రోజూ ఎందుకు చెయ్యాలని స్ప్రింగు తీసి కిటికీలో పెట్టేశారు. ఆ డాక్టరు ఓసారి మా షాపు ముందు నుంచి వెళ్తూ కుర్రాళ్ళ వేళ్ళు చూశాడు. లోపలికొచ్చి నన్ను పక్కకి పిలిచి, ఆయనతో ఇది ఆడించమన్నాడు. నిదానంగా ఆడేవి పనికిరావు, బొటనవేలితో గబగబా నొక్కాల్సినవి కావాలి. అంటే యాక్షన్ గేములే. ఆయనకి నచ్చింది చూసి పెట్టు, నచ్చకపోతే ముట్టుకోరు అని కూడా చెప్పాడు. ఇదెంత పని అనుకున్నాను. నా దగ్గర యాభై అరవై గేములున్నాయి.

మొదటి రోజు అడవిలో సిపాయి గేమ్ పెట్టాను. రిమోట్ ఆయన ఒళ్ళో పెట్టి, ఎడమ బొటనవేలితో మనిషి నడుస్తాడు, కుడి బొటనవేలితో తుపాకి పేలుతుంది అని చూపించాను. ఆయన తెర వైపు చూస్తూ, వీడికీ ఎదుటివాళ్ళకీ గొడవేంటని అడిగారు. నాకు తెలియదన్నాను. శత్రువులు, అంతే అన్నాను. "గొడవేంటో తెలియకుండా చెయ్యి ఎత్తడమేంటయ్యా? సంగతి తెలియకుండానే షాపు పెట్టావా?" అన్నారు. కుర్రాళ్ళు నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

రెండో రోజు ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొట్టుకునే గేమ్ పెట్టాను. కొట్టుకునే ముందు ఇద్దరూ ఒకరికొకరు వంగి దణ్ణం పెట్టుకున్నారు. అది చూసి ఆయన మొహం విప్పారింది. ఇంత మర్యాదస్తులు ఎందుకు కొట్టుకుంటున్నారని అడిగారు. పోటీ అన్నాను. అయితే వీళ్ళకి తగువే లేదు, ఎవరో వెనక నుంచి ఎగదోసి తమాషా చూస్తున్నారు, ఆ ఎగదోసేవాణ్ణి చూపించమన్నారు. ఎగదోసేది మనమేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇంకో రోజు దయ్యాల గేమ్ పెట్టాను. గోతుల్లోంచి శవాలు లేచొస్తుంటే హీరో వాటిని కాలుస్తూ ఉంటాడు. అందులో గొడవేంటో చెప్పక్కర్లేదు కదా అని నా తెలివి. ఆయన చాలాసేపు శ్రద్ధగా చూశారు. చివరికి, వీళ్ళకి దినాలు సరిగ్గా చేసినట్టు లేరు, చేసి ఉంటే లేచేవాళ్ళు కాదు, పిండాలు పెట్టాల్సిన చోట తుపాకి పేలిస్తే ఏం లాభం అన్నారు. కార్లు లాక్కుని పారిపోయే గేమ్ పెడితే, ముందు ఆ కారు దాని ఆసామికి ఇచ్చి రమ్మన్నారు. గుహల్లో దూకుతూ తిరిగే అమ్మాయి గేమ్ పెడితే, ఈ పిల్ల ఇంట్లో చెప్పే వచ్చిందా అని అడిగారు. ఆ అమ్మాయి పులిని కాల్చగానే లేచి వెళ్ళిపోయారు.

ఇంకో తలనొప్పి ఏంటంటే, ఎడమ బొటనవేలు చక్కగా పనిచేస్తుంది కాబట్టి ఆయన హీరోని హాయిగా నడిపించేవారు. కాల్చడం ఉండదు. చుట్టూ బాంబులు పేలుతుంటే హీరో పొద్దున్నే చేను చూసుకోవడానికి వెళ్ళిన రైతు లాగా ఆ గట్టూ ఈ గట్టూ తిరుగుతూ ఉండేవాడు. కుడిచెయ్యి కండువా కింద రిమోట్ మీద ఊరికే పడుండేది. డాక్టరు వారానికోసారి వచ్చి, ఏమైనా కదిలిందా అని నన్ను అడిగేవాడు, ఆ చెయ్యేదో నాదైనట్టు.

దీనికి తోడు వాళ్ళ ఊరి వాళ్ళు రావడం మొదలుపెట్టారు. రాజీ భోజనానికి కూర్చోలేకపోయినా సలహా చెప్పడానికి చెయ్యి అక్కర్లేదు కదా. గట్టు తగువులు, గేదె పక్కవాడి మినప చేలో పడ్డ తగువులు, అన్నీ అవనిగడ్డ బస్సెక్కి మా షాపుకొచ్చేవి. కుర్రాళ్ళు కూర్చోవలసిన బెంచీ మీద పంచె కట్టుకున్న పెద్దమనుషులు కూర్చుని, టీవీలో తుపాకులు మోగుతుంటే ఇంకా గట్టిగా అరిచి మాట్లాడుకునేవాళ్ళు. ఈయన ఒకరి మాట పూర్తిగా విని, ఎడమచెయ్యి అడ్డం పెట్టి, "సరే. ఆ వైపు మాట కూడా వినాలిగా" అనేవారు. ఆ వైపు వాళ్ళు మర్నాడు వచ్చేవాళ్ళు. నా వ్యాపారం ఏం కావాలి?

అలాగని ఆయన్ని వదిలేయలేకపోయాను. సీడీల కోసం విజయవాడ వెళ్ళినప్పుడు హోల్‌సేల్ కొట్లో నిలబడి ప్రతి అట్టా వెనక్కి తిప్పి, నాకొచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషుతో, ఇందులో గొడవేంటో రాశాడా లేదా అని వెతికేవాణ్ణి. అట్ట మీద ప్రపంచం నాశనం అవుతోందని రాసుండేది, ఎవరి వల్ల అయిందో రాసుండేది కాదు. కొట్టువాడు నన్ను వింతగా చూసేవాడు. అందరూ బొమ్మలు ఎంత బాగున్నాయో, ఎన్ని లెవెల్సున్నాయో చూసుకుని కొంటారు. నేను మాత్రం ఒక ముసలాయనకి నచ్చే తగువు ఏ సీడీలో దొరుకుతుందా అని వెతుకుతున్నాను. తిరుగు బస్సులో ఉయ్యూరు దాటేదాకా ఆయన్ని మనసులో తిట్టుకుంటూ వచ్చేవాణ్ణి.

చివరికి ఒకటి తెచ్చాను. సముద్రం ఒడ్డున ఒక దీవి, దాని మీద కంచె వేసుకున్న శత్రువుల స్థావరం, పడవ దిగి వచ్చే ఒంటరి మనిషి. అందులో కథేమిటో నాకు నిజంగా తెలియదు. ఈసారి తెలియదని చెప్పదల్చుకోలేదు. ఆయన కూర్చోగానే నేనే మొదలుపెట్టాను. ఈ పడవ మనిషి రైతు మావయ్య గారూ, ఆ కంచె లోపలి వాళ్ళు ఎగువన లాకులు మూసేసి ఇతని పొలానికి నీళ్ళు రానివ్వడం లేదు, నారు ఎండిపోతోంది అని చెప్పాను. ఎన్ని ఎకరాలని అడిగారు. పదెకరాలన్నాను. కాలవలు చూసుకునే లస్కరుకి చెప్పాడా అని అడిగారు. చెప్పాడు, ఆ లస్కరు వాళ్ళ వైపే మాట్లాడాడన్నాను. ఆయన కుర్చీని మొదటిసారి టీవీకి ఎదురుగా తిప్పుకున్నారు.

నా పథకం పారిందనుకున్నాను. ఆయన హీరోని పడవ దింపి, ఇసుకలో నడిపించి, తిన్నగా కంచె గేటు ముందుకు తీసుకెళ్ళి నిలబెట్టేశారు. కాల్చండి మావయ్య గారూ, కాల్చండి అని నేను గోల పెడుతున్నాను. ఆయన వినరు. ముందు మాట్లాడాలిగా, లోపల వాళ్ళ పెద్దెవరో బయటికి రానీ అంటారు. హీరో చేతిలో తుపాకి నేలకి దించుకుని గేటు ముందు బుద్ధిగా నిలబడ్డాడు. కాపలావాడు పైనుంచి చూసి ధనాధనా కాల్చాడు. హీరో పడిపోయాడు.

మావయ్య గారి మొహం ఎర్రబడింది. అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ ఆయనకి అంత కోపం రావడం నేను చూడలేదు.

"మాట్లాడ్డానికి వచ్చినవాణ్ణి కొట్టారు" అన్నారు. "మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టాను. మళ్ళీ గేటు ముందుకే వెళ్ళారు. కాపలావాడు మళ్ళీ కాల్చాడు. ఈసారి ఆయన కండువా పక్కకి జారింది, కుడిచెయ్యి బయటికొచ్చింది. సన్నబడిపోయి, వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఉంది. బొటనవేలు వణుకుతూ బటన్ వైపు వెళ్తోంది. అది వెళ్ళేలోపు హీరో చచ్చిపోయాడు. నేను సాయం పట్టబోతే ఎడమచేత్తో నా చెయ్యి తోసేశారు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటేదాకా ఇదే పని. వెనక వాటాలోంచి అత్తయ్య గారు పిలవడానికి వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయింది. చివరికి ఒక తూటా పేలింది. ఎక్కడో ఆకాశంలోకి పోయింది, ఎవరికీ తగల్లేదు. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి రోజూ అదే గేమ్. పద్ధతి కూడా అదే. గేటు ముందుకు వెళ్ళాలి, తుపాకి దించుకుని నిలబడాలి, వాళ్ళు కాల్చాలి, ఆ తర్వాతే ఈయన కాలుస్తారు. మొదటి దెబ్బ వాళ్ళదే ఉండాలి. అప్పటికి హీరో ప్రాణం సగం పోయి ఉంటుంది. మిగతా సగంతో ఎంత దూరం వెళ్తాడు? పక్క నుంచి కంచె దూకి వెళ్ళొచ్చండీ, కాపలావాడికి కనిపించకుండా వెళ్ళొచ్చండీ అని నేను నెత్తీ నోరూ కొట్టుకునేవాణ్ణి. దొంగదారిన వెళ్తే ఇంక మన మాటకి విలువేముంటుంది అనేవారు. కుర్రాళ్ళు మొత్తం గేమ్ వారంలో ఆడేసి పక్కన పారేశారు. ఈయన నెలల తరబడి మొదటి లెవెల్లోనే ఉన్నారు.

ఒక్కసారి మాత్రం లోపలిదాకా వెళ్ళారు. కాపలావాళ్ళందరూ అయిపోయారు, చివరి గదిలో శత్రువుల నాయకుడొక్కడే మిగిలాడు. ఒక్క తూటా చాలు. షాపులో ఉన్నవాళ్ళందరూ ఆటలు ఆపేసి వెనక చేరారు. ఆయన బొటనవేలు బటన్ మీంచి తీసేశారు. ఇప్పుడు ఒంటరివాడయ్యాడుగా, ఇప్పుడు వింటాడేమో అన్నారు.

"మావయ్య గారూ, వాడు వినడండీ. వాడికి వినే తెలివి పెట్టలేదండీ తయారుచేసినవాళ్ళు."

"నువ్వు ఎప్పుడైనా ఆగి చూశావా?"

చూడలేదు. ఎవరు చూస్తారు? నాయకుడు హీరోని కాల్చి పారేశాడు. నేను కోపం ఆపుకోలేక బయటికెళ్ళి రోడ్డు మీద అటూ ఇటూ తిరిగి వచ్చాను. వచ్చేసరికి ఆయన మళ్ళీ పడవ దగ్గర నుంచి మొదలుపెట్టి ఉన్నారు. మొదట్లో బటన్ నొక్కడానికి భుజం మొత్తం కదిపేవారు. తర్వాత మోచెయ్యి, తర్వాత మణికట్టు. ఆ రోజు నేను గుమ్మంలో నిలబడి చూస్తే, బొటనవేలొక్కటే కదులుతోంది. కోపమంతా ఎటుపోయిందో తెలియదు.

నార్లు పోసే రోజులొచ్చాయి. ఒకరోజు ఆయన వచ్చి, ఆదివారం ఊళ్ళో భోజనం పెట్టుకున్నారు, నువ్వూ రావాలి అన్నారు. ఆదివారం నాకు వ్యాపారం జోరుగా ఉండే రోజు. కుదరదన్నాను. నీ మిషన్ పనిచేసిందో లేదో నువ్వు చూసుకోవద్దా అన్నారు. నేను తలపట్టుకుని షాపుకి తాళం వేశాను. చల్లపల్లి మీదుగా అవనిగడ్డ, అక్కడి నుంచి ఆటో. దారి పొడవునా ఆయన కండువా కింద వేళ్ళు ఆడిస్తున్నట్టున్నారు, గుడ్డ కదులుతోంది. అత్తయ్య గారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అక్కడ ముద్ద జారిపోతే ఏంటి పరిస్థితి అని నాకు ఆలోచన వస్తే పక్కకి నెట్టేశాను.

మావయ్య గారి ఇంటి ముందు టెంటు వేసి, చాపలు పరిచి, అరిటాకులు వేశారు. ఆయన మధ్యలో కూర్చున్నారు. ఎడమ పక్కన వరి చేనాయన, కుడి పక్కన రొయ్యల చెరువాయన. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చూసుకోవడం లేదు. వరి చేనాయన ఇంటి నుంచి అన్నం వచ్చింది. చెరువాయన ఇంటి నుంచి రొయ్యల ఇగురు వచ్చింది. వడ్డించడం అయ్యాక మావయ్య గారు కండువా తీసి, మడిచి, ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ చెయ్యి వాళ్ళ ఊరి వాళ్ళు చూడటం అదే మొదటిసారి.

చెయ్యి ఆకులో పెట్టారు. కలపడానికి చాలాసేపు పట్టింది. ముద్ద చేసి ఎత్తితే దారిలోనే సగం జారి ఆకులో పడింది. బంతిలో ఉన్నవాళ్ళందరూ ఎవరి ఆకు వైపు వాళ్ళు చూసుకుంటున్నారు. ఆయన చెయ్యి దించి, మళ్ళీ పోగు చేసి, మళ్ళీ ఎత్తారు. అన్నం నోట్లోకి వెళ్ళాలంటే బొటనవేలు వెనక నుంచి నెట్టాలి. రోజూ చేసే పనే కాబట్టి ఆ సంగతి మనకెవరికీ పట్టదు. ఆ వేలు మెల్లగా ముందుకొచ్చి ముద్దని నోట్లోకి నెట్టింది. ఆయన నమిలి మింగాక మిగతావాళ్ళు ఆకుల్లో చేతులు పెట్టారు.

అందరిదీ అయిపోయింది. ఆయనది ఇంకా పప్పులోనే ఉంది. ఆయన లేచేదాకా లేవకూడదు కాబట్టి అందరం ఎంగిలి చేతులతో కూర్చున్నాం. ఎండ టెంటులోంచి దిగుతోంది. నా చెయ్యి ఎండిపోయి వేళ్ళు బిగుసుకుపోయాయి. మా ఆటో అబ్బాయి దూరం నుంచి సైగలు చేస్తున్నాడు, అవనిగడ్డలో బస్సు తప్పిపోతుందని. ఎవరైనా కలిపి పెడితే తొందరగా అయిపోతుందని ఎవరో అనబోతే అత్తయ్య గారు వాళ్ళ వైపు ఒక చూపు చూసింది. ఆయన చారులోకి వచ్చారు. ఒక్కో ముద్దా పోగు చేసుకుంటూ, జారింది మళ్ళీ ఎత్తుకుంటూ, ఎక్కడా తొందర లేకుండా తింటున్నారు. చూసి చూసి నాకు పిచ్చెక్కుతోంది.

చెయ్యడానికి పనేమీ లేక, లేవడానికి వీల్లేక, వరి చేనాయన ఆయన వీపు వెనక నుంచి కొంచెం వంగాడు.

"రేపు మోటారు ఎన్నింటికి వేస్తావు?" అని చెరువాయన్ని అడిగాడు.

"నువ్వెప్పుడంటే అప్పుడే బావా" అన్నాడు చెరువాయన. "మురుగు కాలవలోకి తోడేస్తాను. నీ వైపు రాదు."

తర్వాత కాలవ ఎంత లోతు తవ్వాలి, తూము ఎటు పెట్టాలి అని ఇద్దరూ మెల్లగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మావయ్య గారు మధ్యలో తల వంచుకుని తింటూనే ఉన్నారు. ఆకు దాదాపు ఖాళీ అయ్యింది. అందరం లేవడానికి కాళ్ళు సర్దుకున్నాం.

ఆయన తలెత్తి వాళ్ళావిడ వైపు చూశారు. "ఇంకొంచెం అన్నం పెట్టు" అన్నారు. "పెరుగులోకి చాలదు."

అత్తయ్య గారు ఒక చేత్తో అన్నం గిన్నె, ఇంకో చేత్తో పెరుగు గిన్నె పట్టుకుని వచ్చింది. ఆవిడకి కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మేమందరం ఎండిపోయిన చేతులు గాల్లో పెట్టుకుని మళ్ళీ సర్దుకు కూర్చున్నాం.